నాలుగో మడిలో అడుగుతడి పువ్వు

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నాకొచ్చిన ప్రశంసాపత్రం ఒక్కటే. కొండ మీద అంతరించిపోతున్న ఒక చిన్న పువ్వుని దుంపల నుంచి పెంచి కాపాడినందుకు ఇచ్చారు. నా చేతికి ఆ కాగితం వచ్చేటప్పటికి ఆ పువ్వు చచ్చిపోయి ఏడాది దాటింది. చంపింది నేనే. ఆ సంగతి ఇచ్చినవాళ్లకీ తెలుసు, పుచ్చుకున్న నాకూ తెలుసు.

మొక్కల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవంలో ఏదైనా చెప్పండి సార్ అంటుంటారు. అంట్లు కట్టడం, విత్తనం నానబెట్టడం మీకు నాకంటే బాగా తెలుసు, ఫోన్లోనే అన్నీ ఉన్నాయి. అందులో దొరకనిది ఇదొక్కటే, అందుకని ఇదే చెబుతున్నాను. రిటైరై రెండేళ్లయింది, ఇప్పుడు నన్ను సస్పెండ్ చేసేవాళ్లు కూడా లేరు.

మా నర్సరీ శ్రీకాకుళం జిల్లాలో కొండలు మొదలయ్యేచోట ఉండేది. టేకు, జీడిమామిడి, వేప, కానుగ మొక్కలు సంచుల్లో పెంచి పంచడం మా పని. నేను సూపర్‌వైజర్ని. నా కింద ఒక పెద్ద మేస్త్రీ, పది మంది దాకా కూలికొచ్చే ఆడవాళ్లు. మేస్త్రీకి చదువు లేదు. మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, ఇందులో ఏది బతుకుతుందో చెప్పేవాడు. నాకు డిప్లొమా ఉంది. ఆ డిప్లొమా ఈ కథలో మళ్లీ వస్తుంది.

నర్సరీ వెనక ఒక రాతిగుట్ట. ఆ గుట్ట నెర్రెల్లోనే ఆ పువ్వు ఉండేది. వేలెడంత కాడ, దాని చివర ఆరు రేకుల తెల్లటి పువ్వు, రేకు వెనక సన్నటి ఆకుపచ్చ గీత. కింద ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండే చిన్న దుంప. వృక్షశాస్త్రం చదివిన ఒక మేష్టారు వచ్చి చూసి, ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా తనకి కనబడలేదన్నారు. దానికి శాస్త్రం పేరు ఏదో పొడుగ్గా రాసిచ్చారు. గుట్టకి అవతలున్న జాతాపు గిరిజనుల ఊళ్లో దాన్ని అడుగుతడి పువ్వు అనేవాళ్లు.

ఆ పేరెందుకో ఆ ఊరి ముసలమ్మ చెప్పింది. దుంప మూరెడు లోతున రాళ్ల సందులో ఉంటుంది. పైన ఒక వాన పడితే దానికి తెలియదు. నాలుగు వానలు పడి, తడి అడుక్కి దిగితే అప్పుడు కాడ ఎత్తి పూస్తుంది. అది పూసిందంటే నేల లోపలిదాకా తడిసిందని అర్థం. అప్పుడు కొండవాలు మీద సామలు, చోళ్లు, అంటే రాగులు, జల్లుతారు. ఇంటింటివాళ్లూ పోయి చూడరు. ఊళ్లో ఒక పెద్దామె చూస్తుంది, ఆమె పూసిందని చెబితే మర్నాడు ఊరంతా విత్తనం బయటికి తీస్తుంది. ఆ చూసే మనిషి ఈ ముసలమ్మే. అంతకుముందు ఆమె అత్త.

గుట్టని రాతి క్వారీకి ఇచ్చేశారు. పేల్చేలోగా దుంపలు తీసి నర్సరీలో బతికించమని మాకు ఆర్డరొచ్చింది. రెండు మూడేళ్లు పెంచి, తర్వాత వేరే కొండ మీద నాటాలని ఆలోచన. ముసలమ్మ తనే వచ్చి దగ్గరుండి తీయించింది. మా ఆడవాళ్లు గునపాలు తెస్తే కోప్పడింది.

"గునపం ఏటి తల్లీ, అదేటి పాతిన దొంగసొత్తా? సేత్తో తియ్యాల. ఎదురుపుల్లతో మట్టి గీరుకుంటా ఎల్లాల," అంది.

రోజంతా గీకితే అరవై రెండు దుంపలు వచ్చాయి. షేడ్‌నెట్ కింద నాలుగో మడిలో ఎర్రమట్టి, ఇసుక, గుట్ట మీంచి తెచ్చిన రాతిముక్కలు కలిపి మూరెడు లోతున పెట్టాం. వెళ్లబోతూ ఆమె నన్ను పిలిచింది.

"బాబూ, ఒక్కటే సెప్తాను. ఎండాకాలం దీని జోలికెల్లకు. ఆకు ఎండిపోతాది, మడి బోసిగా అయిపోతాది, అయినా సరే ఎల్లకు. అది నిద్దరోతాది. నిద్దర్లో ఉన్నోలి మీద నీల్లు పోస్తావేటి?"

ఆ ఏడు వానల్లో నాలుగో మడి పూసింది. ముసలమ్మ వచ్చి, మడి పక్కన కూలబడి, పువ్వు మీదికి ముఖం వంచి వాసన చూసింది. బియ్యం నానబెట్టిన నీళ్లకి వచ్చే వాసన లాంటిది, చాలా సన్నగా ఉంటుంది. "ఇదే," అని లేచి వెళ్లిపోయింది. నేను ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు. శీతాకాలంలో గుట్టని పేల్చారు. ఆ దుమ్ము మా షేడ్‌నెట్‌ల మీద పేరుకుంటే మళ్లీ మళ్లీ కడుక్కున్నాం. పువ్వు ఇక మా మడిలోనే ఉంది.

ఎండాకాలం వచ్చింది. ముసలమ్మ చెప్పినట్టే మడి బోసిపోయింది. అప్పుడొక పెద్దాఫీసరు తనిఖీకి వచ్చారు. నాలుగో మడి దగ్గర ఆగి, మేం పాతిన పువ్వు పేరున్న బోర్డు చదివి, ఖాళీ మట్టి చూసి, "ఏమయ్యా, బోర్డు పెంచుతున్నారా ఇక్కడ?" అన్నారు. వెంట ఉన్నవాళ్లంతా నవ్వారు. మా కూలి ఆడవాళ్లు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. చాలా చిన్న మాట. కానీ నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

నేను ఆమదాలవలస దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. బీటలు తీసిన మట్టి చూస్తే నా గొంతు ఎండుతుంది. మాకు తెలిసిన సేద్యం ఒకటే, పైరు వాడితే నీళ్లు పెట్టడం. మర్నాటి నుంచి రోజ్‌క్యాన్ పట్టుకుని నేనే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నాలుగో మడికి నీళ్లు పోశాను. పైన గెత్తం, అదే పశువుల ఎరువు, కూడా జల్లించాను. మేస్త్రీ చూశాడు.

"బాబూ, ముసల్ది ఒద్దన్నాది గదా," అన్నాడు.

"కొండ మీద రాళ్లు వేరు, మడి వేరు మేస్త్రీ. ఆమెకేం తెలుసు? నేను డిప్లొమా చదివాను."

మేస్త్రీ తన పనికి వెళ్లిపోయాడు. నాకు చదువు చెప్పిన మేష్టార్లు, నా పైన చేసిన ఆఫీసర్లు చాలామంది ఉన్నారు గానీ, అక్కడితో ఊరుకున్నందుకు మేస్త్రీ మీదే నాకు ఇప్పటికీ కోపం. తిట్టి రోజ్‌క్యాన్ లాక్కోవలసింది. వయసులో పెద్దవాడు, లాక్కుంటే నేనేం చేసేవాణ్ణి? ఇలా కోపం పక్కవాడి మీదికి తోసుకోవడం కూడా మీరు నేర్చుకోకండి.

వానలు పడ్డాయి. టేకు చిగిర్చింది, కానుగ చిగిర్చింది. నాలుగో మడిలో ఒక్క ఆకు లేదు. ఒక రోజు మేస్త్రీ, నేను కూర్చుని వెదురుపుల్లతో గీకాం. కుళ్లిన ఉల్లిపాయ వాసన వచ్చింది. చేత్తో ముట్టుకుంటే దుంప జారిపోయింది. ఇంకోటి, ఇంకోటి. అరవై రెండూ తీసి చూశాం. ఒక్కటి గట్టిగా తగులుతుందేమోనని చివరిదాకా చూశాం. తగల్లేదు. మేస్త్రీ చేతులు కడుక్కోకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

తర్వాత చేసిన పని పూర్తిగా నా బుర్రలో పుట్టిందే. మా ఆఫీసు గేటుకి రెండు పక్కలా రెయిన్ లిల్లీలు ఉండేవి, ప్రతి ఊళ్లోనూ స్కూళ్ల ముందూ ఆస్పత్రుల ముందూ ఉంటాయే, అవే. తెల్లటివి, ఆరు రేకులు. వాటి దుంపలు ఒక బుట్టెడు తవ్వించి నాలుగో మడిలో పెట్టించాను. దూరం నుంచి చూస్తే పోలిక ఉంది. మేస్త్రీ బుట్ట పట్టుకున్నాడు గానీ దుంపలు మాత్రం నాటలేదు. అవి నేనే నాటాను, రెండు వేళ్ల లోతున.

అప్పటికి ముసలమ్మకి మోకాళ్లు పోయాయి, కళ్లలో శుక్లాలు. కొండ దిగి రాలేక కోడల్ని పంపేది. ఆ కోడలు వేరే ఊరి పిల్ల, పువ్వుని ఎప్పుడూ దగ్గరగా చూసింది కాదు. ఆ ఏడు ఆమె వచ్చి, పూసిందా బాబూ అని అడిగేటప్పటికి వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. మడిలో లిల్లీలు పూసి ఉన్నాయి. పూసిందన్నాను. వాళ్లు జల్లారు, వానలు నిలబడ్డాయి, పంట పండింది. సంక్రాంతి కూడా రాకముందే కోడలు ఒక మూట సామలు తెచ్చి, "మా అత్త పంపింది, పువ్వుని సూసుకున్నందుకు," అంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. మా ఇంట్లో వండారు, నేను తిన్నాను.

అబద్ధం ఒక ఏడు నెగ్గితే అది అబద్ధమనే సంగతి మనకే మరుపున పడుతుంది. నేనైతే నాలుగో మడి ముందు నుంచి మామూలుగా నడవడం మొదలుపెట్టాను.

ఆ మరుసటి ఎండాకాలం, మే నెల చివర్లో, ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. గంటసేపు గట్టిగా కురిసి పోయింది. మూడో రోజుకి నాలుగో మడి నిండా తెల్లగా పువ్వులు. రెయిన్ లిల్లీ గుణమే అంత, పైన ఒక్క వాన పడితే చాలు దానికి. సరిగ్గా ఆ రోజే ఆఫీసరు, పేపరువాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. బోర్డు పెంచుతున్నారా అన్న ఆఫీసరే. నేను పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర పూసిన లిల్లీలన్నీ కోసి చెత్తకుప్పలో వేశాను. రెండూ ఒకటేనని ఎవరైనా కనిపెడతారేమోనని.

ఆఫీసరు వచ్చారు, నా భుజం తట్టారు. ఫొటోలు తీస్తున్నారు. అప్పుడు గేటు తోసుకుని ముసలమ్మ కోడలు వచ్చింది. ఇంతమందిని చూసి బెదిరి దూరంగానే నిలబడింది. నేను దగ్గరికి వెళ్లాను. ఆఫీసరు కూడా నా వెనకే వచ్చారు.

"మా అత్త అడగమన్నాది బాబూ. ఒక్క వానే కదా పడ్డాది, అప్పుడే పువ్వు రాదు, అయినా సూసి రా అన్నాది. పూసినాదేటి?"

ఆ అమ్మాయి నా ముఖమే చూస్తోంది. ఇవి ఆ పువ్వులు కావమ్మా అనడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటలకి ఎంత చోటు కావాలి? నా పక్కన ఆఫీసరు నవ్వుతూ నిలబడి ఉన్నారు. పేపరువాళ్లు పెన్నులు పట్టుకుని ఉన్నారు. మేస్త్రీ షేడ్‌నెట్ గుంజని పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"పూసింది," అన్నాను.

ఆ అమ్మాయి మడి దాకా వెళ్లి చూసింది. చూసి నవ్వింది. "ఒక్క పువ్వు ఇస్తారేటి బాబూ? అత్తకి కనబడదు గానీ, వాసన సూసుకుంటాది."

లిల్లీకి వాసన ఉండదు. ఆఫీసరు అడ్డుపడ్డారు. "కొయ్యకూడదమ్మా. చాలా అరుదైన పువ్వు. ఒక్కటి కోసినా నష్టమే," అని నెమ్మదిగా, మర్యాదగా చెప్పారు. ఆమె సరేనని తలూపింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. ఒక్క పువ్వు కోసి ఆమె కొంగులో వేసి ఉంటే ఆ ముసలమ్మ ముక్కు ఊరిని కాపాడేది. పొద్దున చెత్తకుప్పలో వేసినవి ఇంకా వాడలేదు కూడా.

సాయంత్రం మేస్త్రీ సైకిలు తీస్తూ, "బాబూ, రేపు జల్లెస్తారు. ఇప్పుడెల్లి సెప్పేద్దాం రా," అన్నాడు. రేపు పొద్దున వెళదాంలే అన్నాను. పొద్దున మొక్కల లారీ వచ్చింది. ఆ మర్నాడు ఇంకో పని. పనులకేం, మనకి కావాలంటే ఎన్నైనా వస్తాయి.

వాళ్లు జల్లేశారు. పైతడికి విత్తనం మొలిచింది. తర్వాత వాన లేదు. నేను రోజూ మేడెక్కి మహేంద్రగిరి వైపు చూసేవాణ్ణి. మబ్బు పట్టేది, పోయేది. ఇరవై రోజులు దాటాయి. కొండవాలు మీద సన్నగా కనబడిన పచ్చదనం ముందు పసుపు తిరిగి, తర్వాత మట్టి రంగులో కలిసిపోయింది.

ముందు ఆఫీసులో చెప్పాను. పిరికివాడికి అదే తేలిక. ఆఫీసరు తలుపు వేయించి అంతా విన్నారు. ఆయన చెడ్డవారేం కాదు. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, "ప్రశంసాపత్రాల లిస్టు పైకి వెళ్లిపోయిందయ్యా. ఆగస్టు పదిహేనుకి నీ పేరు కూడా ఉంది. ఇప్పుడు ఇదంతా ఎవరికి చెబుతాం? బోర్డు ఎలాగూ ఉంది, ఉండనియ్యి," అన్నారు. చెప్పాక కూడా ఇచ్చారు, చెప్పాక కూడా పుచ్చుకున్నాను. ఆ పువ్వు చచ్చిపోయిందన్న కబురు ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ ఆదివారం కొండ ఎక్కాను. మేస్త్రీ వస్తానన్నాడు, వద్దన్నాను. ముసలమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కోడలు నన్ను చూసి నీళ్లిచ్చి, చాప వేసింది. వాళ్లిద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. వాన మోసం చేసిందనే అనుకుంటున్నారు.

"పువ్వు తప్పు నేదు బాబూ," అంది ముసలమ్మ తనే. "మా అత్త కాలంలో ఎప్పుడూ ఇలాగవనేదు. కొండ పోయినాది గదా, పువ్వు బెంగెట్టుకుందేమో, తెలవకుండా పూసేసినాది."

పువ్వుని వెనకేసుకొస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. నీళ్లు పోసింది, కుళ్లింది, గేటు దగ్గరి లిల్లీలు, కోడలికి చెప్పిన మాట, అన్నీ. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ కళ్లు నావైపే ఉన్నాయి గానీ నేను కనబడుతున్నానో లేదో తెలియదు.

"విత్తనం ఏమైనా మిగిలిందా అమ్మా? గుప్పెడైనా దాచారా?" అని అడిగాను. అవి వాళ్ల తాతల నాటి సామలు, బజార్లో దొరికేవి కావు.

"పువ్వు పూసినాక దాసుకోడం ఏటి?" అంది.

అంతకంటే పెద్ద దెబ్బ నన్నెవరూ కొట్టలేదు. ఆమే మళ్లీ అడిగింది.

"దుంపలు ఎప్పుడు పోయినాయి?"

"నిరుడు ఎండాకాలంలో."

"నిరుడా?" అని మొదటిసారి గొంతు పెంచింది. "నిరుడు పోతే ఇప్పుడా సెప్తావు? సావు ఎవులింట్లోనైనా వస్తాది బాబూ. సావుకి నిన్నేటీ అనను. సావు కబురు సెప్పకుండా ఉంటారేటి? ఏడాదిగా మాకు మైలని తెలవక, మేం జల్లుకున్నాం, కోసుకున్నాం, నీకు సామలు కూడా పంపినాం."

కోడల్ని పిలిచి కుండతో నీళ్లు తెమ్మంది. మా ఊళ్లల్లో దూరాన ఉన్న చుట్టం పోయాడని కబురొస్తే, విన్నచోటే తల మీద నీళ్లు పోసుకుంటాం. వాళ్లకీ అదే ఆచారం. ఆమె అరుగు దిగి, గోడ పట్టుకుని వాకిట్లో నిలబడింది. కోడలు నీళ్లు పోసింది. తెల్లటి జుట్టు ముఖానికి అంటుకుపోయింది. ఆ ఎండలో తడిబట్టలతో నిలబడి, కుండలో అడుగున మిగిలిన నీళ్లు నావైపు చూపించింది.

"నువ్వూ పోసుకో బాబూ. నీ సేతిలోనే గదా పోయినాది, నీకూ మైలే."

నేను చొక్కా కూడా విప్పకుండా తల వంచాను. ఆమె తన చేత్తోనే పోసింది. కొండ మీద నీళ్లు, చాలా చల్లగా ఉన్నాయి.

కొండ దిగి రోడ్డు మీదికొచ్చి బస్సు ఎక్కాను. జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. కిటికీ అవతల ఆకాశం కడిగినట్టుంది, ఎక్కడా మబ్బు తునక లేదు. కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటి బాబూ, ఇలాగ తడిసిపోనారు? వానెక్కడ కురిసింది?"

"వాన కాదు," అన్నాను. "మావాళ్లొకరు పోయారు. కబురు ఇప్పుడే తెలిసింది."

అతను అయ్యో అని, టిక్కెట్టు ఇచ్చి, నా పక్క సీటులోకి ఎవర్నీ కూర్చోనివ్వలేదు.